ట్యూబులు బ్లాక్ అన్నారా? ఆపరేషనా, ఐవీఎఫా అని తేల్చుకునే ముందు

హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి మందు పంపి, అండాశయాల వైపు నుంచి గర్భసంచికి వచ్చే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే) రిపోర్టులో రెండు ట్యూబులూ బ్లాక్ అని రాగానే ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. ఇంక ఐవీఎఫ్ తప్ప దారి లేదని ఒకరంటారు. ట్యూబులే బాగాలేనప్పుడు ఐవీఎఫ్ మాత్రం ఎట్లా నిలుస్తుంది, డబ్బు దండగ అని ఇంకొకరంటారు. ఆ మధ్యలో అమ్మాయి నలిగిపోతూ ఉంటుంది. మాది నెల్లూరు జిల్లా, చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి చూపించుకోవడానికి వచ్చే చుట్టాలు ముందు మా ఇంట్లో దిగి, ఫైలు నా చేతిలో పెడతారు. నేను డాక్టర్ని కాను. కానీ ఇన్నేళ్లుగా ఈ ఫైళ్లు చూస్తూ, వాళ్లతో పాటు డాక్టర్ల దగ్గర కూర్చుంటూ, తెలియనిది అడిగి తెలుసుకుంటూ వచ్చాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. ట్యూబు ఊరికే మూసుకుపోయి ఉంటే దానివల్ల ఐవీఎఫ్ సక్సెస్ తగ్గదు. ఐవీఎఫ్ పుట్టిందే అలాంటి వాళ్ల కోసం. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో పుట్టిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ తల్లికి ఉన్న సమస్య ఇదే, ట్యూబులు మూసుకుపోవడం. అండాశయం నుంచి అండాన్ని నేరుగా బయటికి తీసి, ల్యాబులో పిండం చేసి, గర్భసంచిలో పెడితే ఇంక ట్యూబుతో పని లేదు. ఐవీఎఫ్‌ను దెబ్బతీసేది మూసుకుపోయిన ట్యూబులో చేరిన నీరు. ఆ నీరు ఉందా లేదా అన్నది తేలకుండా ఐవీఎఫ్ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టొద్దని నేను అందరికీ చెబుతాను.

కాబట్టి అడగాల్సినవి ఇవి: బ్లాక్ ట్యూబులో ఏ చోట ఉంది, నీరు చేరిందా, అమ్మాయి వయసెంత, అబ్బాయి రిపోర్టు ఎలా ఉంది. ఈ నాలుగూ తెలిస్తే ఆపరేషనా, ఐవీఎఫా, లేక రెండూ వరసగానా అన్నది చాలావరకు తేలిపోతుంది.

రిపోర్టు చదవడం

ట్యూబు పొడవు పది పన్నెండు సెంటీమీటర్లు. గర్భసంచి దగ్గర వెంట్రుకంత సన్నగా మొదలై, అండాశయం వైపు పోయేకొద్దీ వెడల్పై, చివర కుచ్చులాగా విచ్చుకుంటుంది. విడుదలైన అండాన్ని ఆ కుచ్చు అందుకుంటుంది. అండం, వీర్యకణం కలిసేది ట్యూబు లోపలే. తయారైన పిండాన్ని లోపలి సన్నని నూగు నాలుగైదు రోజుల్లో గర్భసంచికి చేరుస్తుంది. అంటే ట్యూబు తెరుచుకుని ఉంటే చాలదు, లోపలి పొర కూడా బతికి ఉండాలి. హెచ్‌ఎస్‌జీలో దారి కనిపిస్తుంది కానీ ఆ పొర పనిచేస్తోందో లేదో కనిపించదు. ఆపరేషన్‌తో దారి తెరిచినా అందరికీ గర్భం రాకపోవడానికి కారణం ఇదే.

ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తే మధ్యలో తలకిందులుగా ఉన్న తెల్లని త్రికోణం గర్భసంచి. దాని పైమూలల నుంచి రెండు సన్నని గీతలు పక్కలకు పోవాలి. చివర తెల్లగా పొగ చెదిరినట్టు కనబడితే మందు బయటికి పడిందన్నమాట. రిపోర్టులో దాన్నే ఫ్రీ స్పిల్ అని రాస్తారు. త్రికోణం మూలల దగ్గరే గీత ఆగిపోతే కార్న్యువల్ బ్లాక్ లేదా ప్రాక్సిమల్ బ్లాక్. గీత పొడవుగా పోయి చివర ఆగిపోతే డిస్టల్ బ్లాక్ లేదా ఫింబ్రియల్ బ్లాక్. చివర ఆగడమే కాకుండా సంచిలా ఉబ్బి ఉంటే అదే హైడ్రోసాల్పింక్స్, అంటే నీరు చేరిన ట్యూబు. లాక్యులేటెడ్ స్పిల్ అని ఉంటే మందు బయటికి వచ్చింది కానీ చుట్టూ అతుకులు ఉండడం వల్ల ఒకేచోట నిలిచిపోయిందని అర్థం. ఇవన్నీ రిపోర్టు కింద రెండు మూడు లైన్లలోనే ఉంటాయి. ఆ లైన్లు ఫోన్లో ఫొటో తీసుకుని పెట్టుకోండి, డాక్టరు మారినా పనికొస్తాయి.

పరీక్ష గురించి కూడా రెండు మాటలు. పీరియడ్స్ ఆగిపోయాక, అండం విడుదలయ్యే లోపల, అంటే సుమారు ఏడో రోజు నుంచి పదో రోజు మధ్యలో చేస్తారు. ఆ నెల పీరియడ్ మొదలైనప్పటి నుంచి పరీక్ష అయ్యేదాకా కలవకూడదు. అయోడిన్ అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. నొప్పి ఉంటుంది, కొందరికి బాగానే ఉంటుంది, కానీ కొన్ని నిమిషాలే. గంట ముందు నొప్పిమాత్ర ఇమ్మని అడగడానికి మొహమాటపడొద్దు. ఇక్కడో మంచి సంగతి కూడా ఉంది. 2017లో నెదర్లాండ్స్‌లో పెద్ద పరిశోధన ఒకటి జరిగింది. హెచ్‌ఎస్‌జీలో నూనె ఆధారిత మందు వాడిన వాళ్లలో ఆర్నెల్ల లోపు 39.7 శాతం మందికి గర్భం నిలిచింది, నీటి ఆధారిత మందు వాడిన వాళ్లలో 29.1 శాతం మందికి. వాళ్లంతా ట్యూబు జబ్బు ఉంటుందన్న అనుమానం పెద్దగా లేనివాళ్లు. అయినా పరీక్షే కొందరికి మేలు చేస్తుందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మొదట్లోనే బ్లాక్ అని వస్తే

గర్భసంచి దగ్గరి బ్లాక్‌ను ఒక్క ఫిల్ము చూసి నమ్మకండి. పరీక్ష చేసేటప్పుడు నొప్పికీ భయానికీ గర్భసంచి కండరం బిగుసుకుంటే ట్యూబు మొదలు మూసుకుపోతుంది, బ్లాక్ లేకపోయినా ఫిల్ములో బ్లాక్‌లాగే కనిపిస్తుంది. చిక్కని జిగురు అడ్డుపడినా అంతే. కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే ఇలాంటివాళ్లలో చాలామందికి దారి తెరిచే కనబడుతుంది. మొదటి ఫిల్ము చూసి ఐవీఎఫ్ తేదీ ఖాయం చేసుకుని, రెండో పరీక్షలో ఫ్రీ స్పిల్ వచ్చి ఊరికి తిరిగెళ్లినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

రెండోసారి కూడా బ్లాకే వస్తే ట్యూబల్ క్యాన్యులేషన్ అనే పద్ధతి ఉంది. హిస్టెరోస్కోపీలో గర్భసంచి లోపలికి కెమెరా పెట్టి, సన్నని తీగతో ట్యూబు మొదలును తెరుస్తారు. పక్కనే లాప్రోస్కోపీ కూడా పెట్టి నీలం రంగు మందు పంపి, అది బయటికి వస్తోందో లేదో చూస్తారు. నూటికి 85 మందిలో దారి తెరుచుకుంటుంది. తెరిచినవాళ్లలో మూడోవంతు మందికి మళ్లీ మూసుకుపోతుంది. తీగ గుచ్చుకుని ట్యూబుకు చిన్న రంధ్రం పడే ప్రమాదం కొందరిలో ఉంటుంది, మామూలుగా అదే మానిపోతుంది.

35 లోపు వయసు, ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) బాగుంది, అబ్బాయి రిపోర్టు మామూలుగా ఉంది, బ్లాక్ మొదట్లోనే ఉంది, ట్యూబు మిగతా భాగం బాగుంది. ఇలా అయితే నేను క్యాన్యులేషన్ వైపే మొగ్గుతాను. ఒక్కసారి చేయించుకుంటే నెలనెలా ప్రయత్నించవచ్చు, మళ్లీ మూసుకుపోకపోతే, ఒకరి తర్వాత ఇంకొకరు కావాలన్నా దారి తెరిచే ఉంటుంది. 38 దాటితే మాత్రం ట్యూబు తెరిపించుకుని ఎదురుచూస్తూ కాలం వృథా చేసుకోకుండా ఐవీఎఫ్ మేలు.

నీరు చేరిన ట్యూబు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. చివర మూసుకుపోయిన ట్యూబులో ఊరే నీరు బయటికి పోయే దారి లేక, గర్భసంచి వైపు కొంచెం కొంచెంగా దిగుతుంది. అది పిండానికి పడదు. అప్పుడే పెట్టిన పిండాన్ని అది కడిగేయనూవచ్చు, గర్భసంచి పొరను పిండం పట్టుకోకుండా చేయనూవచ్చు. ఫలితం మాత్రం ఎన్నో పరిశోధనల్లో ఒకేలా వచ్చింది: నీరు చేరిన ట్యూబు ఉన్నవాళ్లలో ఐవీఎఫ్‌తో గర్భం నిలిచే అవకాశం సుమారు సగానికి పడిపోతుంది, నిలిచినవాటిలో అబార్షన్లు ఎక్కువవుతాయి. పిండం ఎంత మంచిదైనా, డోనర్ అండంతో చేసినదైనా ఇదే పరిస్థితి.

దీనికి విరుగుడు ఏమిటో కూడా తెలుసు. స్కాండినేవియా దేశాల్లో చేసిన పరిశోధన 1999లో వెలువడింది. నీరు చేరిన ట్యూబు తీసేసి ఐవీఎఫ్ చేసినవాళ్లలో 28.6 శాతం మందికి మొదటి సైకిల్లోనే కాన్పు అయింది. తీయకుండా చేసినవాళ్లలో 16.3 శాతం మందికే. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినా అదే తేలింది. ముఖ్యంగా మామూలు స్కానింగులోనే ఉబ్బి కనిపించేంత నీరుంటే ట్యూబు సంగతి చూడకుండా పిండం పెట్టించుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఆ సంగతి చూడ్డానికి దారులు మూడు నాలుగున్నాయి. మొదటిది ట్యూబు పూర్తిగా తీసేయడం. లాప్రోస్కోపీలో చేస్తారు, సాధారణంగా మర్నాటికి ఇంటికి పంపేస్తారు. రెండోది క్లిప్పింగ్, అంటే ట్యూబును గర్భసంచి దగ్గర క్లిప్పుతో మూసేయడం. పాత ఆపరేషన్ల వల్లో టీబీ వల్లో పేగులు ట్యూబుకు అతుక్కుపోయి ఉంటే తీయడం ప్రమాదం, అప్పుడు క్లిప్పు మంచిది. నీరు కిందికి దిగకుండా ఆపడంలో రెండూ బాగా పనిచేస్తాయి. మూడోది అండాలు తీసే రోజు సూదితో ఆ నీటినీ లాగేయడం. సులువే కానీ రోజుల్లోనే మళ్లీ ఊరుతుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఉంది. ఆపరేషన్ అసలు కుదరనివాళ్లకు తప్ప నేను దాన్ని నమ్ముకోమనను.

ఇక నాలుగోది ట్యూబును కాపాడుకోవడం. మూసుకుపోయిన చివరను తెరిచి, అంచులను పువ్వు రేకుల్లా వెనక్కి మలిచి కుడతారు. ఉబ్బు కొద్దిగా ఉండి, గోడలు పలచగా ఉండి, లోపలి మడతలు చెడకుండా, అతుకులు సన్నగా ఉన్నవాళ్లలో దీంతో సగం మందికి పైగా మామూలుగానే గర్భం వచ్చిన లెక్కలున్నాయి. గోడలు మందమై, లోపలి పొర పోయి, అతుకులు బిగిసిన ట్యూబుల్లో ఆ లెక్క ఐదుగురిలో ఒకరికి దగ్గర్లో ఆగిపోతుంది, చాలాచోట్ల అదీ రాదు. పైగా గర్భం సంచికి చేరకుండా అలాంటి ట్యూబులోనే నిలిచిపోయే ప్రమాదం పెరుగుతుంది. మన దగ్గర ఆలస్యంగా దొరికే కేసులు చాలావరకు ఈ రెండో రకమే. కెమెరా లోపల పెట్టి చూశాక తప్ప ఏ రకమో ఖాయంగా చెప్పలేరు. అందుకే ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి: లోపల బాగుంటే కాపాడండి, బాగాలేకపోతే తీసేయండి అని. ఆ సమ్మతి కాగితంలో రెండూ రాయించుకోండి. మత్తులో ఉన్న మనిషిని లేపి అడగలేరు కదా.

ఈ మాట దగ్గరే ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది. మొన్న ఒక అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుని, పిల్ల వినకుండా వంటింట్లోకి లాక్కెళ్లి అడిగింది. "ట్యూబులు తీసేస్తే నెలనెలా రావడం ఆగిపోద్దా అక్కా? ఇంక ఒంట్లో ఏం మిగులుద్ది?" అంది. ఆగిపోదు. పీరియడ్స్‌కు కావాల్సిన హార్మోన్లు అండాశయంలో తయారవుతాయి. ట్యూబుకు అందులో పాత్ర లేదు. మెనోపాజ్ ముందుగా రాదు, ఒళ్లు రాదు, కాపురానికి అడ్డం కాదు. పోయేది మామూలుగా గర్భం వచ్చే దారి ఒక్కటే, నీరు చేరి చెడిపోయిన ట్యూబులో ఆ దారి అప్పటికే మూసుకుపోయి ఉంది. ఆవిడకు ఇదంతా చెప్పాక కూడా మనసు ఒప్పుకోలేదు. మర్నాడు డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించాకే ఊపిరి తీసుకుంది. ఇంట్లో పెద్దవాళ్లకు భయం ఉంటే వాళ్లను కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లండి, బయట వరండాలో కూర్చోబెట్టొద్దు.

ఒక్క జాగ్రత్త. ట్యూబుకూ అండాశయానికీ రక్తం పంపే నాళాలు పక్కపక్కనే ఉంటాయి. ఆపరేషన్‌లో ట్యూబుకు మరీ ఆనుకుని కోయకపోతే అండాశయానికి దెబ్బ తగలవచ్చు. ఏఎంహెచ్ ఇప్పటికే తక్కువగా ఉన్నవాళ్లు వరస మార్చుకోవడం గురించి అడగాలి: ముందు అండాలు తీసి, పిండాలు చేసి ఫ్రీజ్ చేయించుకోవడం, తర్వాత ట్యూబు ఆపరేషన్, ఒకటి రెండు నెలలు ఆగి పిండం పెట్టించుకోవడం. వయసు 37, 38 ఉన్నవాళ్లకు నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే. ఏఎంహెచ్ బాగుంటే ముందు ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఐవీఎఫ్ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

ఒక్క ట్యూబే బ్లాక్ అయితే

కంగారు పడాల్సిన పని లేదు. ఒక పక్క తెరిచి ఉంటే మామూలుగానే గర్భం వస్తుంది. ఇటు అండాశయం నుంచి వచ్చిన అండాన్ని అటు ట్యూబు అందుకోవడమూ ఉంది. ఐయూఐ, అంటే వీర్యకణాలను నేరుగా గర్భసంచిలోకి పంపడం, కూడా ప్రయత్నించవచ్చు. ఆ ఒక్క బ్లాక్ గర్భసంచి దగ్గర ఉంటే ఐయూఐ ఫలితం మామూలువాళ్లతో దాదాపు సమానం, చివర ఉంటే కొంచెం తక్కువ. కానీ ఆ మూసుకుపోయిన పక్క నీరు చేరి ఉంటే మంచి ట్యూబు ఉన్నా లాభం తగ్గుతుంది, దాన్ని తీయించుకోవడం గురించి అడగండి. రెండూ మూసుకుపోయినవాళ్లకు ఐయూఐ చేస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి. వీర్యకణాలు అండాన్ని చేరే దారే లేనప్పుడు ఐయూఐ ఎన్నిసార్లు చేసినా ఒకటే.

టీబీ సంగతి

మన దేశంలో ట్యూబులు పాడవడానికి టీబీ పెద్ద కారణం. ఊపిరితిత్తుల్లో ఎప్పుడో వచ్చి తగ్గిపోయినట్టు అనిపించినది రక్తంలో కలిసి గర్భసంచి వైపు చేరుతుంది, అక్కడ ముందుగా పట్టుకునేది ట్యూబులనే. దగ్గూ జ్వరమూ ఏమీ ఉండకపోవచ్చు. పిల్లలు కలగకపోవడమో, పీరియడ్స్ బాగా తగ్గిపోవడమో మాత్రమే లక్షణం కావచ్చు. ఫిల్ములో ట్యూబు పూసల దండలాగానో, వంగని పైపులాగానో కనిపిస్తే డాక్టరుకు అనుమానం వస్తుంది.

టీబీ అని తేలితే ట్యూబులను బాగుచేసే ఆపరేషన్ గురించి ఆలోచించకండి, అది పనిచేయదు. ముందు ఆర్నెల్లు మందులు పూర్తిగా వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తారు, ఇంటి దగ్గరే వాడుకోవచ్చు. ఇంటి దగ్గర మందులు వాడినా శానటోరియంలో ఉంచి వాడించినంత బాగా పనిచేస్తాయని ప్రపంచానికి చూపించింది 1950ల్లో ఈ చెన్నై నగరమే. ఆ పరిశోధన చేసిన కేంద్రం ఇప్పటికీ చెట్‌పట్‌లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉంది. మందులు అయ్యాక గర్భసంచి లోపలి పొర ఎలా ఉందో హిస్టెరోస్కోపీలో చూడాలి. పొర బాగుంటే ఐవీఎఫ్ మంచి దారి. పొర కూడా టీబీతో దెబ్బతిని అతుక్కుపోయి ఉంటే ఐవీఎఫ్ చాలా కష్టం. ఆ మాట ముందే దాచకుండా చెప్పే డాక్టరు దగ్గర ఉండండి.

అయితే పొరలో తీసిన ముక్కకు చేసిన పీసీఆర్ ఒక్కటి పాజిటివ్ వచ్చిందని వెంటనే ఆర్నెల్ల మందులు మొదలుపెట్టేయడమూ సరికాదు. ఆ పరీక్ష ఒక్కోసారి జబ్బు లేకపోయినా ఉందని చూపిస్తుంది. బయాప్సీ, కల్చర్, లాప్రోస్కోపీలో కనిపించింది, ఇవన్నీ కలిపి చూసి చెప్పమనండి.

కు.ని. ఆపరేషన్ అయినవాళ్లకు

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామందికి అది 25 ఏళ్లు నిండకముందే అయిపోతుంది. తర్వాత బిడ్డ పోయినా, రెండో పెళ్లి అయినా మళ్లీ పిల్లలు కావాలని వస్తారు. వాళ్ల ట్యూబులకు జబ్బు లేదు, కట్టారు అంతే. అందుకే ఆపరేషన్‌కూ ఐవీఎఫ్‌కూ మధ్య ఎక్కువ పోటీ ఉన్న చోటు ఇదే.

రీకెనలైజేషన్, అంటే కట్టిన ట్యూబును తిరిగి కలపడం, 35 లోపు వాళ్లకు బాగా పనిచేస్తుంది. ట్యూబు నాలుగు సెంటీమీటర్లకు పైగా మిగిలి ఉండాలి. లాప్రోస్కోపీలో రింగు వేసి చేసిన ఆపరేషన్ అయితే ట్యూబు తక్కువ పోతుంది, కలపడం సులువు. కుచ్చు భాగం కోసేసి ఉంటేనో, సిజేరియన్‌లో ట్యూబులు మొత్తం తీసేసి ఉంటేనో కలపడానికి ఏమీ ఉండదు, ఐవీఎఫ్ ఒక్కటే దారి. అందుకే పాత ఆపరేషన్ కాగితం వెతికి తీసుకురండి. దొరక్కపోతే ఎక్కడ, ఏ ఏడాది చేశారో, కడుపు మీద గాటు ఎంత ఉందో డాక్టరుకు చెబితే కొంత అంచనా వేస్తారు.

రీకెనలైజేషన్ చేసేవాళ్ల చెయ్యి మీద చాలా ఆధారపడి ఉంటుంది. మైక్రోసర్జరీలో వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టాలి. ఏడాదికి ఎన్ని చేస్తారు, చేసినవాళ్లలో ఎంతమందికి కాన్పు అయింది అని అడగండి. ఇలాంటి ఆపరేషన్ ఎప్పుడో ఒకటి చేసే చోట చేయించుకోవద్దు. మంచి సర్జన్ దొరికి, వయసు 35 లోపు ఉండి, అబ్బాయి రిపోర్టు బాగుంటే ఐవీఎఫ్ కంటే దీన్నే నేను ముందు పెడతాను. నలభై దాటితే లెక్క తిరగబడుతుంది.

వయసు, అబ్బాయి రిపోర్టు

ట్యూబు ఎక్కడ మూసుకుపోయినా అండం వయసును ఏ ఆపరేషనూ తగ్గించలేదు. ఫెర్టిలిటీ క్లినిక్‌ల లెక్కలను ప్రభుత్వ సంస్థే ఏటా ప్రకటించే బ్రిటన్‌లో చూస్తే, సొంత అండాలతో చేసిన ఐవీఎఫ్‌లో 35 లోపు వాళ్లకు పెట్టిన మూడు పిండాల్లో సుమారు ఒకటి కాన్పు దాకా వస్తుంది. 40 నుంచి 42 మధ్య వాళ్లలో పదింటిలో సుమారు ఒకటి. ఈ లెక్క మన ఊరికి అంగుళం తేడా లేకుండా సరిపోతుందని కాదు, వయసు ఎంత పని చేస్తుందో చూడ్డానికి. చెన్నైలో ఏ క్లినిక్ అయినా 70, 80 శాతం సక్సెస్ అని బోర్డు పెడితే, ఏ వయసువాళ్లలో, పాజిటివ్ వచ్చినవాళ్లా కాన్పు అయినవాళ్లా, ఒక్కసారికా మొత్తం మీదా అని అడగండి.

అబ్బాయి వీర్యపరీక్ష చేయించకుండా అమ్మాయి కడుపు మీద కత్తి పెట్టనివ్వకండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. రెండు మూడు రోజులు ఆగి, ఒక్క పూటలో, కొన్ని వందల్లో అయిపోయే పరీక్ష అది. కౌంట్ చాలా తక్కువని తేలితే ట్యూబు తెరిచి లాభం లేదు, ఎటూ ఇక్సీ (ల్యాబులో ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే పద్ధతి) అవసరం. అమ్మాయికి లాప్రోస్కోపీ అయిన తర్వాత అబ్బాయి రిపోర్టు అడిగిన ఫైళ్లు ఎన్నిసార్లు చూశానో. అబ్బాయి ఒప్పుకోడని అత్తగారు మొహమాటపడితే ఆ మొహమాటానికి కోత పడేది కోడలికి.

డబ్బు, ప్రయాణం

చెన్నైలో ప్రైవేటుగా ఐవీఎఫ్ ఒక సైకిల్ మందులతో కలిపి సాధారణంగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది, కొన్నిచోట్ల ఇంకా పైన. చెప్పిన మొత్తంలో ఇంజెక్షన్లు ఉన్నాయా, మత్తు డాక్టరు ఫీజు ఉందా, ఫ్రీజింగ్, దాచిపెట్టే అద్దె, తర్వాత పిండం పెట్టే ఖర్చు ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. వీర్యపరీక్ష బాగుండి సమస్య ట్యూబులదే అయితే ఇక్సీ అందరికీ అక్కర్లేదు, ఎందుకు వేస్తున్నారో అడగండి. పిల్లలు కలగడానికి చేసే చికిత్సను చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ఒప్పుకోవు. నీరు చేరిన ట్యూబుకు ఆపరేషన్ చేసేటప్పుడు జబ్బు పేరు ఎలా రాస్తున్నారో చూసుకుని, ముందే ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, సూళ్లూరుపేట దాకా అయితే లోకల్ రైలే ఉంది. ఆపరేషన్‌కు ఒకసారి వచ్చి, ఒకటి రెండు రోజులుండి వెళ్లిపోవచ్చు, వారం పది రోజులు బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. ఐవీఎఫ్ అలా కాదు. పీరియడ్ రెండో రోజో మూడో రోజో మొదలుపెడితే పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో నాలుగైదు స్కానింగులు, తర్వాత అండాలు తీయడం, పిండం పెట్టడం. మొదటి స్కానింగులు నెల్లూరులోనే చేయించుకుని రిపోర్టు పంపుతామంటే ఒప్పుకునే డాక్టర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. చివరి నాలుగైదు రోజులు మాత్రం చెన్నైలోనే ఉండండి. రోజూ రైల్లో ఊగుతూ తిరగడం వల్ల పిండానికి ఏమీ కాదు, కానీ మనిషి అలిసిపోతుంది, ఇంజెక్షన్ టైము తప్పితే నెల కష్టమంతా పోయే ప్రమాదం ఉంది. ఇంజెక్షన్లు ఇంట్లో వేసుకోవడం నర్సమ్మ దగ్గర నేర్చుకోవచ్చు, పెన్ను లాంటివి సులువే.

2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. క్లినిక్‌కు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్టిఫికెట్ గోడ మీద పెట్టాలి. ఐవీఎఫ్ చేయించుకునే ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే చిరాకు పడే చోట ఉండాల్సిన పని లేదు.

చివరగా, ట్యూబు తెరిపించుకున్నవాళ్లూ కలిపించుకున్నవాళ్లూ ఒకటి మరవకూడదు. ట్యూబులోనే గర్భం నిలిచిపోయే ప్రమాదం వాళ్లకు మామూలువాళ్ల కంటే ఎక్కువ. ట్యూబు జబ్బు ఉండి ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లకూ కొంత ఉంటుంది. పీరియడ్ తప్పిన వెంటనే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి, రెండు రోజుల తర్వాత మళ్లీ చేయించుకోవాలి, ఆరో వారంలో లోపలి నుంచి చేసే స్కానింగులో గర్భం సంచిలోనే ఉందని చూసుకోవాలి. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, మచ్చమచ్చగా రక్తం, కళ్లు తిరగడం, భుజం పైభాగంలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా చెన్నై డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా దగ్గర్లో ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రికి వెళ్లి, ట్యూబు ఆపరేషన్ అయిందన్న మాట గుమ్మంలోనే చెప్పాలి. నెల్లూరులో ఉంటే నెల్లూరులోనే, అర్ధరాత్రి అయినా సరే.